తుఫాను కబురు – తంతి నుంచి సెల్ ఫోను దాకా

మన సంఘం ప్రత్యేక సంచికకు ఉద్యోగ జీవితంతో ముడిపడిన చరిత్ర వ్యాసం ఒకటి రాయవలసిందిగా సంపాదకవర్గ మిత్రులు కోరారు. రెవెన్యూ శాఖలో 1975లో గుమాస్తాగా చేరి 2011లో పదవీ విరమణ చేసిన నాకు జమాబందుల గురించీ, శిస్తు వసూళ్ళ గురించీ రాయడానికి చాలా సంగతులే ఉన్నాయి. అయినా తుఫాను హెచ్చరికల చరిత్రనే ఎంచుకున్నాను. ఆ పని వాతావరణ శాస్త్రజ్ఞులదేనని చాలామంది అనుకుంటారు. శాస్త్రజ్ఞుడు పసిగట్టిన ప్రమాదం సముద్రపు ఒడ్డున గుడిసెలో ఉన్న మనిషి చెవిన పడేదాకా నడిచిన దారిలో తంతి గుమాస్తా, జవాను, మునసబు, తలారి, రేడియో వార్తలు చదివేవారు, బస్సు డ్రైవరు – అందరూ ఉన్నారు. ఈ సంచిక చదివేవారిలో ఎందరో ఆ గొలుసులో ఒక లంకెగా పనిచేసినవారే.

కోరంగి నుంచి కలకత్తా దాకా

తుఫానును ఇంగ్లీషులో సైక్లోన్ అంటారు. ఆ మాటను పుట్టించినవాడు కలకత్తాలో ఉద్యోగం చేసిన హెన్రీ పిడింగ్టన్. గాలి పాము చుట్టలా సుడి తిరుగుతుందని గ్రహించి, ఆ అర్థం వచ్చే గ్రీకు మాట ఆధారంగా ఈ పేరు పెట్టాడు. 1848లో నావికుల కోసం పుస్తకం రాసి, తుఫాను పటం మీద పెట్టి చూసుకోవడానికి వీలుగా, కొమ్ముతో చేసిన పారదర్శకపు బిళ్ళలు కూడా దానికి జతచేశాడు. అతని పరిశోధనలో మన కోరంగికి ముఖ్యమైన చోటుంది. గోదావరి ముఖద్వారం దగ్గర ఒకప్పుడు ఓడలతో కళకళలాడిన ఆ రేవును 1789లో వరుసగా వచ్చిన పెద్ద కెరటాలు ముంచెత్తాయి. 1839లో మరో ఉప్పెన వచ్చింది. ఆ తర్వాత కోరంగికి పూర్వవైభవం తిరిగి రాలేదు.

పిడింగ్టన్ కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ఘట్టం వేరే ఉంది. బెంగాల్లో మాట్లా నది ఒడ్డున కొత్త రేవు కట్టాలని ప్రభుత్వం తలపెట్టినప్పుడు, అది ఉప్పెన దారిలో ఉందని, అక్కడ కట్టవద్దని 1853లో గవర్నరు జనరలుకు లేఖ రాశాడు. ఎవరూ పట్టించుకోలేదు. పిడింగ్టన్ 1858లో కన్నుమూశాడు. క్యానింగ్ రేవు కట్టారు. 1867లో తుఫాను వచ్చి దాన్ని ధ్వంసం చేసింది. శాస్త్రం ముందే చెప్పినా అధికారం వినకపోతే ఏమవుతుందో చూపించే తొలి ఉదాహరణల్లో ఇది ఒకటి.

1864వ సంవత్సరం తూర్పు తీరానికి మహా చెడ్డ సంవత్సరం. అక్టోబరు 5న కలకత్తాను, నవంబరు 1న మచిలీపట్నాన్ని తుఫానులు ముంచాయి. బందరులో చనిపోయినవారు సుమారు 30,000 మందని లెక్క. ఆ దెబ్బతో 1865లో కలకత్తా రేవుకు తుఫాను హెచ్చరికల ఏర్పాటు జరిగింది. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడి, హెన్రీ బ్లాన్‌ఫర్డ్ దానికి మొదటి అధిపతి అయ్యాడు. ఉప్పెనలతో పాటు 1866, 1871 సంవత్సరాల్లో వానలు విఫలం కావడం కూడా ఈ శాఖ పుట్టుకకు కారణమే.

రేవు మీది సూచికలు

"మచిలీపట్నం రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగురవేశారు" అన్న వార్త మనందరం చిన్ననాటి నుంచి వింటున్నదే. ఆ నంబర్ల అర్థం మాత్రం చాలామందికి తెలియదు. పగటిపూట శంకువు, స్తూపం ఆకారాలను, రాత్రిపూట ఎర్ర, తెల్ల దీపాలను స్తంభానికి కట్టడం పాత పద్ధతి. ఒకటి, రెండు నంబర్లు దూరాన సముద్రంలో ఉన్న ప్రమాదాన్ని తెలుపుతాయి. మూడు, నాలుగు నంబర్లు రేవుకే చెడు వాతావరణం రావచ్చునని జాగ్రత్త చెబుతాయి. ఐదు, ఆరు, ఏడు ప్రమాదానికి, ఎనిమిది, తొమ్మిది, పది మహా ప్రమాదానికి గుర్తులు. తుఫాను రేవుకు ఏ పక్కగా దాటుతుందో, రేవు మీదుగానే దాటుతుందో వీటినిబట్టి తెలుస్తుంది.

ఆఖరున పదకొండో నంబరు ఉంది. హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇక్కడి అధికారి అభిప్రాయంలో ప్రమాదం ఉంది – ఇదే దాని అర్థం. పదో నంబరే అన్నిటికన్నా భయంకరమని మనం అనుకుంటాం. ఈ పట్టిక తయారుచేసిన పెద్దలు కబురు తెగిపోవడాన్ని పది తర్వాత, అన్నిటికన్నా చివర పెట్టారు. నా సర్వీసులో ఆ క్రమానికున్న అర్థం బాగా తెలిసివచ్చింది.

1977 నవంబరు 19

ఆ రోజుల్లో నేను తీరానికి దగ్గరలోని ఒక తాలూకా కచేరీలో గుమాస్తాను. వాతావరణ కేంద్రం నుంచి హెచ్చరిక తంతి ద్వారా జిల్లాకు, జిల్లా నుంచి తాలూకాకు వచ్చేది. కార్బన్ కాగితాలు పెట్టి నకళ్ళు తీసి, జవాన్ల చేత సైకిళ్ళ మీద మునసబులకు పంపేవాళ్ళం. మునసబు తలారిని పిలిచి దండోరా వేయించాలి. మధ్యలో కాలవలు, లంకలు, రేవుల దగ్గర పడవలు. ఆకాశవాణి చెప్పేది గాని, రేడియో ఉన్న ఇళ్ళు పల్లెకు ఒకటో రెండో. పైగా ఏటా కార్తీకమాసంలో ఇలాంటి హెచ్చరికలు రావడం, వాన పడి ఊరుకోవడం జనానికి అలవాటే. "నాన్నా పులి" కథలాగే ఉండేది పరిస్థితి.

ఆ తుఫాను మొదట పడమరగా వచ్చి, తర్వాత ఉత్తరానికి మళ్ళి దివిసీమ మీద పడింది. దాదాపు 5 మీటర్ల ఎత్తున సముద్రం భూమి మీదికి వచ్చింది. నాగాయలంక వైపు సొర్లగొంది వంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. చనిపోయినవారు ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది.

గాలి కంటే నీరే ఎక్కువమందిని ఎందుకు చంపిందని చాలామంది అడుగుతారు. తుఫాను గాలి సముద్రపు నీటిని ఒడ్డుకు తోస్తుంది. మన తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ కనుక ఆ నీరు కిందికి జారిపోలేక పైకి లేస్తుంది. తూర్పు నుంచి వచ్చే తుఫానుకు మన తీరంలో కన్ను దాటిన చోటికి ఉత్తరపు పక్కన గాలి నేల వైపు వీస్తుంది గనుక ఉప్పెన అక్కడే ఎక్కువ. పోటు సమయం కూడా కలిస్తే చెప్పనక్కరలేదు. డెల్టా నేల బల్లపరుపుగా ఉండడంతో నీటిని ఆపే మిట్ట కూడా ఉండదు.

తర్వాత కొన్ని వారాలు నాకు పడిన పని మృతుల జాబితాలు తయారుచేయడం. నష్టపరిహారానికి ఒక నమూనా ఇచ్చారు. ఇంటి యజమాని పేరు, మరణించినవారి పేర్లు, వయసు, సమాచారం ఇచ్చినవారి సంతకం. ఆ చివరి గడి దగ్గర కలం ఆగిపోయేది. సమాచారం ఇవ్వడానికి ఆ ఇంట్లో ఎవరూ లేరు, పక్కింట్లోనూ ఎవరూ లేరు. పై ఊరి బంధువులు వచ్చి తమకు గుర్తున్న పేర్లు చెప్పేవారు. పసిపిల్లల పేర్లు వారికి తెలిసేవి కావు. "ఆడపిల్ల, సుమారు 2 సం." అని రాసిన వరుసలు నాకు ఇప్పటికీ జ్ఞాపకం ఉన్నాయి.

పదమూడేళ్ళ తర్వాత

దివిసీమ తర్వాత తీరం పొడుగునా ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు తుఫాను ఆశ్రయ భవనాలు కట్టాయి. విశాఖపట్నంలో తుఫానులను పసిగట్టే రాడార్ 1970 నుంచే ఉన్నా, అది చూడగలిగింది కొన్ని వందల కిలోమీటర్ల మేరకే. 1983లో ఇన్శాట్–1బి ఉపగ్రహం ఎగిరాక బంగాళాఖాతం మొత్తం మీద మేఘాలు కనబడసాగాయి. అదే ఉపగ్రహం ద్వారా హెచ్చరికను తెలుగులోనే నేరుగా వినిపించే పెట్టెలు తీర మండలాల కార్యాలయాలకు వచ్చాయి. ముందు సైరను మోగి, తర్వాత మనిషి గొంతు వినబడేది. తంతి స్తంభాలు కూలినా దానికి ఇబ్బంది లేదు.

1990 మే నెలలో దివిసీమ తుఫానుకు ఏ మాత్రం తీసిపోని తుఫాను కృష్ణా ముఖద్వారం దగ్గరే 9వ తేదీన తీరం దాటింది. అప్పటికి నేను ఒక తీర మండలంలో డిప్యూటీ తాసీల్దారును. ఆర్టీసీ బస్సులు, లారీలు పెట్టి జనాన్ని తరలించే పనిలో రెండు రాత్రులు నిద్ర లేదు. గొడ్లను వదిలి రామని కొందరు, ఇంట్లో సామాను పోతుందని కొందరు మొరాయించారు. ఒక పల్లెలో ముసలామె ఒకావిడ బియ్యం డబ్బా చంకన పెట్టుకుని అందరికంటే ముందు లారీ దగ్గరికి వచ్చింది. "మామ్మా, నీకు భయం లేదా?" అని మా జవాను అడిగితే, "అప్పుడు మాకు చెప్పినోళ్ళు లేరు బాబూ. ఇప్పుడు చెబుతున్నారుగా, పదండి" అంది. 1977ను చూసినవాళ్ళు ఎక్కడా ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పినవాళ్ళు ఆ తర్వాత కాపురాలకు వచ్చినవాళ్ళు.

ఆ తుఫానులో చనిపోయినవారు 967 మంది. అది చిన్న సంఖ్య కాదు. కానీ అదే తీరం, అంతటి గాలి, అంతటి సముద్రం – 10,000 ఎక్కడ, 967 ఎక్కడ! లక్షల మందిని సమయానికి కదిలించడమే ఆ తేడాకు ముఖ్య కారణం.

అంతటితో పాఠం పూర్తి కాలేదు. 1996 నవంబరు 6న కోనసీమను ముంచిన తుఫానులో మళ్ళీ వెయ్యి మందికి పైగా పోయారు. కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. వేటకు వెళ్ళి తిరిగిరాని మత్స్యకారులు ఎందరో. ఒడ్డున ఉన్నవాడికి కబురు చేరవేయడం నేర్చుకున్నాం గాని, సముద్రం మీద ఉన్నవాడికి చేర్చడం ఇంకా నేర్చుకోలేదని అది చాటింది. 1999 అక్టోబరు 29న ఒడిశా పెను తుఫాను సుమారు 10,000 మందిని బలిగొన్నది. అదే సంవత్సరం నుంచి వాతావరణ శాఖ హెచ్చరికలను నాలుగు దశల్లో ఇవ్వడం మొదలుపెట్టింది.

నేటి సంగతి

ఆ తర్వాత మార్పులు త్వరత్వరగా వచ్చాయి. 2002లో చెన్నైలో మొదటి డాప్లర్ తుఫాను రాడార్ నెలకొల్పారు. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత, 2005లో విపత్తుల నిర్వహణ చట్టం వచ్చింది. 2007 నుంచి హైదరాబాదులోని ఇన్కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం రాత్రింబగళ్ళు పనిచేస్తున్నది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫానుకు ఒడిశా, ఆంధ్ర తీరాల్లో సుమారు 10 లక్షల మందిని ముందుగానే తరలించారు. 1999లో వేలల్లో ఉన్న మరణాలు అప్పుడు పదుల్లోకి దిగాయి. 2013 జులైలోనే మన దేశంలో టెలిగ్రాం సేవ ఆగిపోయింది. కార్బన్ కాగితాల కాలం చూసిన నాకు ఆ రెండు వార్తలూ ఒకే ఏడాది రావడం వింతగా తోచింది.

తుఫానులకే కాదు, ఇతర ప్రమాదాలకూ ఇదే పద్ధతి. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు మొదటి, 48కి రెండవ, 53కి మూడవ హెచ్చరిక. 1986 ఆగస్టులో అక్కడ నీటిమట్టం 75 అడుగులు దాటింది. పిడుగులకు, వడగాడ్పులకు సైతం పసుపు, నారింజ, ఎరుపు రంగుల హెచ్చరికలు సెల్ ఫోన్లకు వస్తున్నాయి.

ఇంత ఉన్నా పదకొండో నంబరును మరువరాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ నగరం మీదుగా పోయినప్పుడు కరెంటు పోయింది, సెల్ టవర్లు మూగబోయాయి. చేతిలో ఫోను ఉండి కూడా పక్క వీధి సంగతి తెలియక లక్షలమంది చీకట్లో గడిపారు. ఎంత గొప్ప యంత్రమైనా తుఫాను కన్ను నెత్తిమీదికి వచ్చేలోగా చెప్పవలసింది చెప్పేయాలి, వినేవారు అప్పుడే కదలాలి.

ఇక పెన్షనరు మిత్రులకు ఒక మనవి. తరలింపు జరిగే చోట ఇల్లు కదలమని చివరిదాకా పట్టుబట్టేది ఎక్కువగా మన వయసువారే. మనం కదలకపోతే కొడుకు కదలడు, కోడలు కదలదు, మనవలు కదలరు. కాబట్టి ముందు మనమే లేవాలి. తీరంలో గాని, ఏటి ఒడ్డున గాని ఉండేవారు పి.పి.ఓ., బ్యాంకు పుస్తకం, ఆధార్ కార్డు ప్లాస్టిక్ సంచిలో కట్టి ఒకచోట ఉంచుకోండి. పదిహేను రోజుల మందులు, కళ్ళజోడు, టార్చిలైటు, బ్యాటరీతో నడిచే చిన్న రేడియో దగ్గర పెట్టుకోండి. రాష్ట్ర కంట్రోల్ రూం నంబరు 1070, జిల్లాది 1077. వీటిని ఫోనులోనే కాక గోడ మీద కూడా రాసిపెట్టండి.

మన తరం తంతిని, దండోరాను, సైరను పెట్టెను, సెల్ ఫోనును – నాలుగింటినీ చూసింది. 1977ను కళ్ళారా చూసినవారు ఏటేటా తగ్గిపోతున్నారు. ఈసారి వానాకాలం రాకముందే, వీలు చూసుకుని ఆ సంగతులు మీ మనవలకు ఒకసారి చెప్పండి.