తేదీ వెనక్కి జరిపిన పెళ్ళిళ్ళు

ఇంగ్లండ్ వంశచరిత్రలు వెతుకుతుంటే ఒకచోట దారి మూసుకుపోతుంది. పిల్లల బాప్టిజం నమోదై ఉంటుంది, తల్లిదండ్రుల పెళ్ళి మాత్రం ఏ ఊరి చర్చిలోనూ దొరకదు. అప్పుడు నేను లండన్ ఫ్లీట్ జైలు చుట్టుపక్కల రాసిన పెళ్ళి పుస్తకాలు తెరుస్తాను. ఇప్పుడవి బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్‌జి 7 వరసలో ఉన్నాయి.

అప్పులపాలై ఆ జైలుకి చేరిన మతగురువులు దగ్గర్లోని సారాకొట్లలో, చాటింపు లేకుండా, డబ్బు పుచ్చుకుని పెళ్ళిళ్ళు చేసేవాళ్ళు. చర్చి నియమాలకి విరుద్ధమే, అయినా పెళ్ళి చెల్లేది. సగం పేర్లు, దిద్దిన తేదీలు. అవి సాక్ష్యానికి పనికిరావని 1840 చట్టం తేల్చేసింది. నేను ఆ దిద్దుబాట్ల దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. పుట్టబోయే బిడ్డ కోసం తేదీ వెనక్కి జరిపించుకోవాల్సిన అవసరం ఎవరిదో వేరే చెప్పాలా? కొందరైతే అప్పులు తప్పించుకోడానికే పెళ్ళాడారు. పెళ్ళితో భార్య సొమ్ము భర్తదయ్యేది, ఆమె పాత అప్పులూ అతని నెత్తినే పడేవి. సొమ్ము లేని ఆడదానికి ఆ చట్టం అలా అక్కరకొచ్చింది!

1753 నాటి హార్డ్‌విక్ చట్టం 1754 మార్చి 25 నుంచి ఈ పెళ్ళిళ్ళని చెల్లకుండా చేసింది. వారసురాళ్ళని మోసగాళ్ళ నుంచి కాపాడ్డానికన్నారు. కాపాడింది ఆస్తినేనని నా అభిప్రాయం. అంతకుముందు, మాటిచ్చి తప్పినవాణ్ణి పెళ్ళి చేసుకోమని చర్చికోర్టులో దావా వేసే వీలుండేది. ఆ వీలు మగవాళ్ళకీ ఉందనుకోండి, కానీ కడుపుతో మిగిలేది ఆమే కదా. కొత్త చట్టం దాన్ని తీసేసింది. వధువు కూడా రిజిస్టరులో సంతకం చేయాలన్న నియమం మాత్రం పెట్టింది. రాయడం రానివాళ్ళు ఇంటూ గుర్తు పెట్టారు. చాలామంది ఆడవాళ్ళ చేతిరాతగా నాకు దొరుకుతున్నది ఆ గుర్తొక్కటే.