గూడూరు మైకా తుక్కు

2022లో మా గూడూరును నెల్లూరు జిల్లా నుంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపారు. నాకు మాత్రం మా మైకా (అభ్రకం) నెల్లూరు మైకానే. సైదాపురం, కలిచేడు వైపు గనుల నుంచి వచ్చిన పచ్చ ఛాయ పలకల్ని మా అమ్మ షెడ్డులో కూర్చుని రేకులుగా విడదీసి, అంచులు కత్తిరించేది. మైకా కరెంటును పోనివ్వదు, వేడికి చెదరదు. అందుకే రెండో ప్రపంచ యుద్ధంలో రేడియో కెపాసిటర్లలో వాడేందుకు దీనికోసం వెతుకులాడారు. అయితే ధర పలికేది మచ్చలేని పెద్ద పలకకే. తవ్వినదాంట్లో చాలా భాగం, పలుగురాయితో సహా, గని పక్కన గుట్టపడేది. యజమాని పద్దుల్లో ఆ గుట్ట కనపడేది కాదు. పక్క పొలం రైతుకు మాత్రం రోజూ కనపడేది.

తర్వాత తుక్కును నలిపి మైకా పేపరు చేయడం వచ్చింది. పలకకు గిరాకీ పడింది, తుక్కుకు లేచింది. తుక్కును చమురు బావుల తవ్వకంలోనూ వాడతారు: డ్రిల్లింగు బురద రాతి పగుళ్లలోకి జారిపోకుండా మైకా రేకులు కలిపి ఆ సందులు పూడుస్తారు. నేలమీద ప్రేమతో ఎవరూ గుట్టలు ఎత్తలేదు, డబ్బొస్తుందని ఎత్తారు. నేనైతే తప్పుపట్టను. ఇప్పుడు పలుగురాయి వంతు వచ్చింది. గాజుకూ సిలికాన్‌కూ పనికొస్తుందని సైదాపురం దారిలో లారీలకెక్కుతోంది. గనుల గోతులు పూడ్చే ఖర్చు ఎవరి పద్దులో వేయాలన్నది వేరే పంచాయితీ.