తప్పు జవాబుతో మొదలుపెట్టే లెక్క: 3,500 ఏళ్ల నాటి ట్రిక్

ఇవాళ లెక్క ఇది. ఒక సంఖ్యకి దాని ఏడో వంతు కలిపితే 19 వచ్చింది. ఆ సంఖ్య ఎంత? మనమైతే ఎక్స్ అనుకుని, రెండు వైపులా 7తో గుణించి, 8 ఎక్స్‌లు 133కి సమానం అని రాసేస్తాం. కానీ ఇది టెన్త్ గైడ్‌లోది కాదండీ. ఈజిప్టులో క్రీ.పూ. 1550 ప్రాంతంలో ఆహ్మెస్ అనే లేఖరి పపైరస్ మీద రాసిన 24వ లెక్క. అంతకన్నా పాత ప్రతి చూసి రాస్తున్నానని ఆయనే చెప్పుకున్నాడు. 1858లో అలెగ్జాండర్ హెన్రీ రైండ్ అనే స్కాట్లాండ్ ఆయన దాన్ని లక్సర్‌లో కొన్నాడు. ఇప్పుడు చాలా భాగం బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

ఆహ్మెస్ దగ్గర ఎక్స్ లేదు. పైగా వాళ్ల భిన్నాలు, 2/3 తప్ప, అన్నీ పైన 1 ఉన్నవే. 3/8 అని రాయడానికి లేదు. 1/4, 1/8 పక్కపక్కన పెట్టాల్సిందే.

మరేం చేశాడు? జవాబు 7 అనేసుకున్నాడు. తప్పని తెలిసే. 7కి దాని ఏడో వంతు కలిపితే 8. కావాల్సింది 19. 8ని రెండుసార్లు వేస్తే 16, పావు వంతు వేస్తే 2, ఎనిమిదో వంతు వేస్తే 1. మొత్తం 19. అంటే 2, 1/4, 1/8. దాన్ని 7తో గుణిస్తే 16, 1/2, 1/8. మన పద్ధతిలో 16 5/8. 133ని 8తో భాగించి చూడండి, అదే వస్తుంది.

నాకు బాగా నచ్చింది ఆ 7ని ఎంచుకోవడమే. 5 అనుకున్నా జవాబు వస్తుంది, కానీ ఏడో వంతు తీయగానే భిన్నం మీద పడుతుంది. 7 అయితే ఆ గొడవే లేదు. స్కూల్లో "ఎల్‌సీఎంతో గుణించు" అని చెప్పి వదిలేస్తారే, ఆ స్టెప్ చేసే పనీ ఇదే. నన్నడిగితే దాన్ని ఇక్కణ్నుంచే మొదలుపెట్టి చెప్పాలి. ఒక్క కండిషన్ ఉంది. మధ్యలో "ఇంకో 3 కలిపితే" అని ఉంటే ముందు ఆ 3 తీసేయాలి, లేకపోతే ఇలా పెంచడం కుదరదు.

మన దగ్గర దీని పేరు ఇష్టకర్మ. మనకిష్టమైన సంఖ్యతో మొదలుపెట్టడం అన్నమాట. 1150లో భాస్కరాచార్యుడు లీలావతిలో చెప్పాడు. ఇలాంటి వంతుల లెక్కలు అంతకుముందే మహావీరాచార్యుడి గణితసారసంగ్రహంలో బోలెడున్నాయి. ఆ పుస్తకాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు.

లీలావతిలో తుమ్మెదల లెక్క ఒకటుంది. గుంపులో 1/5 కదంబం మీదికి, 1/3 శిలీంధ్రం మీదికి పోయాయి. ఆ రెండింటి తేడాకి మూడింతలు కుటజం మీదికి. ఒక్కటి మిగిలింది. 15 అనుకోండి: 3, 5, 6. మొత్తం 14, మిగిలింది ఒకటి. మొదటి ఊహకే దొరికిపోయింది! మరి మిగిలినవి 4 అయితే మొత్తం ఎన్ని తుమ్మెదలు? ఎక్స్ వాడకుండా చేసి కామెంట్‌లో పెట్టండి.