రాత్రిగాలియందు కంఠధ్వని: దిగువ కృష్ణా డెల్టా మనుష్య జంతు స్వరములపై ఒక పరిశీలనము

ముదినేపల్లినుండి గుడివాడకు పోవు త్రోవలో గాని, కైకలూరు మీదుగా కొల్లేటి అంచులకు దిగు త్రోవలో గాని, చూపును అడ్డగించుటకు కొండ లేదు, గుట్ట లేదు. వరిమళ్లు, కాలువలు, ఇటీవల విస్తరించిన చేపల చెరువులు, వానిపై విశాలమైన ఆకాశము, ఇంతియే. ఇట్లు సమతలమును సజలమును అయిన నేలమీద ధ్వని ఎట్లు పుట్టుననుదానికంటె ఎట్లు ప్రయాణించుననునదియే నాకు ముఖ్యప్రశ్నగా తోచుచున్నది. కంఠమునుగూర్చి వ్రాయువారు శరీరశాస్త్రజ్ఞులైనచో స్వరపేటికతో ఆరంభించి పెదవులతో ముగింతురు. సంగీతశాస్త్రజ్ఞులైనచో నాభితో ఆరంభించి శిరస్సుతో ముగింతురు. నోటికి వెలుపలనున్న గాలిని ఇరువురును అంతగా గణింపరు. మనుష్యుడు గాని, పక్షి గాని, కప్ప గాని తన గొంతును ఏ వేళ, ఎంత దూరముననున్న చెవికొరకు ఎత్తునో, ఆ వేళయు ఆ దూరమును ఆ గొంతుయొక్క స్వభావములో భాగములే యని ఈ వ్యాసమున ప్రతిపాదింపదలచి, బందరు, గుడివాడ, దివిసీమల నాటక నృత్య గాన సంప్రదాయమును, అచ్చటి జంతుజాలమును నిదర్శనములుగా గ్రహించితిని.

ఊపిరితిత్తులనుండి వెలువడు గాలి స్వరపేటికలోని రెండు స్వరతంత్రుల నడుమ దూసికొనిపోవునపుడు అవి మూసికొనుచు తెరచుకొనుచు స్పందించును. పురుషుడు మాటలాడునపుడు ఈ స్పందనము సెకనుకు సుమారు 100 మొదలు 130 మార్లును, స్త్రీ మాటలాడునపుడు సుమారు 200 మార్లును జరుగును. అక్కడ పుట్టునది రూపములేని ఒక గరుకు నాదము మాత్రమే; దానిని మనము అకారముగనో ఇకారముగనో, తల్లిగొంతుగనో తమ్ముని గొంతుగనో గుర్తించుట కంఠబిలము, నాలుక, దవడ, పెదవులు కలిసి ఏర్పరచు గుహయొక్క ఆకృతివలన సంభవించుచున్నది. నాదము ఒకచోట జనించి వేరొకచోట రూపము దాల్చునను ఈ వివేకమును స్వీడను దేశీయుడైన గున్నార్ ఫాంట్ 1960లో ప్రకటించిన గ్రంథమున గణితబద్ధముగా స్థిరపరచెను. దానికి నూరేండ్లకు పూర్వమే మాన్యుయెల్ గార్షియా యను గానాచార్యుడు దంతవైద్యులు వాడు చిన్న అద్దమును గొంతులో నిలిపి, సూర్యకాంతిని దానిపై ప్రసరింపజేసి, పాడుచున్న తన స్వరతంత్రులను తానే చూచి, ఆ వృత్తాంతమును 1855లో లండనులోని రాయల్ సొసైటీకి నివేదించెను. ఈ పని వైద్యుడు గాక గాయకుడు చేయుట ఎంతయు ఉచితముగ నున్నది, ఏలయన గొంతుపై ఆధారపడి బ్రతుకువానికి దానిలో ఏమి జరుగుచున్నదో తెలిసికొనవలెనన్న తపన ఇతరులకు ఉండజాలదు. మన శిక్షాకారులు అద్దము లేకయే, ఉచ్చారణకాలమున నోటియందు కలుగు స్పర్శను శ్రద్ధతో గమనించి, కంఠ్యతాలవ్యాది స్థానములను నిర్ణయించిరి. వాయువు ఉరస్సున మంద్రమును, కంఠమున మధ్యమును, శిరస్సున తారమును పుట్టించునని చెప్పిరి.

నారదీయశిక్ష సప్తస్వరములను జంతువులకు పంచి, షడ్జమును నెమలికిని, ఋషభమును గోవునకును, గాంధారమును మేకకును, మధ్యమమును క్రౌంచమునకును, పంచమమును కోకిలకును, ధైవతమును గుఱ్ఱమునకును, నిషాదమును ఏనుగునకును ఒసగినది. ఈ విభాగమును కొలతగా గ్రహించుట తగదు. మగకోకిల ఒక్క స్వరమున నిలిచి కూయదు. కూతకూతకు శ్రుతి హెచ్చించుకొనుచు పోయి, పతాకస్థాయియందు తటాలున ఆగి, మరల క్రిందనుండి ఆరంభించును. అయినను, జంతువు నోటి ధ్వనియు మనుష్యుని నోటి ధ్వనియు ఒకే స్వరసప్తకమున చేరదగినవే యని భావించిన ఆ ప్రాచీనుల ఔదార్యమునకు నేను తల వంచుచున్నాను; ఆధునిక విజ్ఞానము చాలకాలమునకు గాని ఆ మార్గమునకు రాలేదు.

కొల్లేటికి చేరువనున్న ఈ ప్రాంతమున ఆ మార్గమున పోవువానికి సామగ్రి కొరత లేదు. తొలకరి జల్లులకు మడుగులు నిండగనే బోదురుకప్పలలో మగవి పసుపువన్నెకు తిరిగి, దవడల క్రింద నీలివర్ణపు తిత్తులను ఉబ్బించి బెకబెకలాడును. ఆ సమయమున వాని నోరు మూసియే యుండును. ఊపిరితిత్తుల గాలి స్వరపేటికగుండ తిత్తిలోనికి పోయి మరల వెనుకకు వచ్చుచుండుటచే ఒకే గాలి పలుమార్లు వినియోగపడును. పక్షుల సంగతి వేరు. వానికి ధ్వనియంత్రము గొంతు పైభాగమున గాక, శ్వాసనాళము రెండుగా చీలు చోట ఛాతిలోపల నుండును. పాటపిట్టలు రెండు శాఖలలో వేర్వేరు స్వరములను ఒక్కసారిగ పలికింపగలవు. కాని ఆటపాకవద్ద చెట్లమీద గూళ్లు కట్టు గూడబాతులును, ఎఱ్ఱకాళ్ల కొంగలును ఇంత పెద్ద పక్షులయ్యు దాదాపు మూగవి. కొంగలలో ఆ ధ్వనియంత్రమునకు వలసిన కండరములు క్షీణించినవి. అవి ముక్కుపుటములను టకటక కొట్టి పలుకరించుకొనును. గూటిలోని పిల్లలు మాత్రము తిండికై ఎడతెగక అరచును. 1999లో అభయారణ్యముగను, 2002లో రాంసారు చిత్తడినేలగను ప్రకటింపబడిన కొల్లేటి సందడిలో గొప్పభాగము ఈ పసికూనలదే. పెద్దపక్షులు జతను వెదకుటకు దూరమునుండి పిలువనక్కరలేదు. ఒకే చెట్టుమీద గూడును గూడును ఒరసికొనియుండ, మెడ వంచుటయు ఱెక్క విప్పుటయు చాలును. పల్లెలో చింతకొమ్మల చాటున ఒంటరిగ తిరుగు కోకిలకు ఆ సౌకర్యము లేదు గనుక దానికి అంతటి గొంతు కావలసివచ్చినది.

దూరమునకు వినిపింపవలసిన స్వరమునకు గాలియే మొదటి పరీక్ష. బయటి ప్రదేశమున దూరము రెట్టింపైనపుడెల్ల ధ్వనితీవ్రత నాలుగవవంతుకు తగ్గును. ఇది అందరికిని సమానము. కాని వేళనుబట్టి గాలి మారును. పగలు ఎండకు నేల కాగి, దానినంటిన గాలి వేడెక్కి, పైగాలి చల్లగ నుండును. ధ్వని వేడిగాలిలో త్వరగను చల్లగాలిలో మెల్లగను పోవును గనుక పగటి ధ్వని పైకి వంగి ఆకాశమున కలిసిపోవును. సూర్యుడస్తమించి నేల చల్లబడిన తరువాత క్రిందిగాలి చల్లగను పైగాలి వెచ్చగను మారి, ధ్వని నేలవైపునకు వంగును. గాలి నిశ్చలమై, మధ్య కొండలు లేక, నీటిపొలములు పరచుకొనియున్న రాత్రి ఒక ఊరి డప్పు మూడవ ఊరికి వినవచ్చుటకు కారణమిదియే. నక్క ఊళయు, కప్పల గోలయు, కోడికూతయు రాత్రినో, రాత్రి అంచులనో ఆశ్రయించియుండుటకు వేర్వేరు కారణములు గలవు. వానిలో ఈ గాలి ఒకటి యని నా తలంపు. కోడి వెలుతురును చూచియే కూయుననునది సరికాదు. జపానులోని నగోయా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2013లో కోళ్లను ఎడతెగని మసకవెలుతురునందుంచి, అవి తమ శరీరములోని కాలచక్రమును అనుసరించియే కూయుచున్నవని నిరూపించిరి. మందలో పెద్దరికము గల పుంజు ముందు కూయుననియు, తక్కినవి దాని వరుసలో అనుసరించుననియు 2015లో తేల్చిరి. సంక్రాంతికి పుంజులను పెంచు మన డెల్టా రైతులకు ఈ పెద్దరికము క్రొత్తవార్త కాబోదు.

ఈ రాత్రిగాలినే మనుష్యుడును వినియోగించుకొనెను. అదియే ఈ ప్రాంతపు పద్యనాటకము. బందరు హిందూ ఉన్నత పాఠశాలలో అధ్యాపకుడుగ నున్న చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారును, దివాకర్ల తిరుపతిశాస్త్రిగారును జంటగా రచించిన పాండవోద్యోగ విజయములు ఊరూర తెల్లవారుదాక ప్రదర్శింపబడినవి. ధ్వనివర్ధకయంత్రము రాకమునుపు, కళ్లము చదునుచేసి వేసిన పందిరిలో కూర్చున్న వేలమందికి పద్యములోని ప్రతి అక్షరమును అందింపవలసిన నటుడు ఏమి చేయవలెను? హార్మోనియముపై ఎత్తైన శ్రుతిని ఎన్నుకొనెను, అచ్చులను సాగదీసెను, పద్యపాదాంతమున రాగమును దీర్ఘముగ ఆలపించెను. మనుష్యుని చెవి సెకనుకు 2000 మొదలు 4000 స్పందనలు గల ధ్వనికి మిక్కిలి చురుకైనది. ఐరోపా సంగీతనాటక గాయకులు సుమారు 3000 స్పందనలవద్ద తమ గొంతుబలమును కేంద్రీకరించి, వాద్యబృందమును మించి వినిపింతురని యోహాన్ సుంద్‌బెర్గ్ నిరూపించెను. అచ్చట వాద్యబృందమును గెలువవలెను, ఇచ్చట బయలును గెలువవలెను. పద్యనాటక రాగాలాపనను కేవలము ఆడంబరమని నిందించిన విమర్శకులు దానిని పగటివేళ, గదిలో కూర్చుండి విన్నవారుగ నాకు తోచుచున్నారు. అర్థము మొదటి వరుసలవారికొరకు. రాగము చివరి వరుసలవారికొరకు, చేనుగట్లమీద నిలిచినవారికొరకు.

స్త్రీపాత్రలను పురుషులే ధరించిన కాలమున ఈ కష్టము ద్విగుణమయ్యెను. యౌవనమున మగవాని స్వరపేటిక పెరిగి, స్వరతంత్రులు పొడుగై దళమగుటచే గొంతు దిగును. అతడు స్త్రీస్వరమును పలుకవలెనన్న ఆ తంత్రులను సాగదీసి, అంచులు మాత్రమే స్పందించునట్లు పట్టి, ఆ స్థితిలో గంటలకొలది అలసట తెలియనీయక మాటలాడవలెను. మొవ్వకు చేరువనున్న కూచిపూడిలో ఇది వంశానుగతమైన విద్య. అచ్చటి భామాకలాపమున సత్యభామ ఆడుటయే గాక తానే పాడును, తానే మాటలాడును. వేదాంతం సత్యనారాయణశర్మ (1935–2012) భామవేషమున నడకయు చూపును ఎంత ప్రసిద్ధములో పలుకుకూడ అంత ప్రసిద్ధమయ్యెను. ఈనాడు గాయకులు ప్రక్కన కూర్చుండి పాడ, నర్తకి మౌనముగ ఆడు పద్ధతి బలపడినది. దానివలన నృత్యము శుద్ధి పొందియుండవచ్చును. కాని ఆడుచున్న శరీరమునుండియే వెలువడు గొంతులో ఆయాసమును ఊపిరిలోనే కలుపుకొను ఒక కళ యుండెను, అది సన్నగిల్లుచున్నదని నాకు నిజముగ బాధగ నున్నది.

మాటకు వెలుపలకూడ ఈ రైతుల నోట ధ్వనులు అసంఖ్యాకములు. ఎడ్లను అదలించుటకు నాలుకను అంగిటికి అంటించి లాగి చేయు చిటుకుధ్వని తెలుగు వర్ణమాలలో లేదు. దక్షిణాఫ్రికా భాషలు కొన్ని దానినే హల్లుగ వాడుచున్నవి. కాలువమీద పడవను లాగు హైలెస్సలును, ఊడ్పులనాడు వంతులుగ సాగు పాటలును పదిమంది ఊపిరిని ఒక లయకు కట్టును. గట్టునుండి గట్టునకు మనిషిని పిలుచునపుడు పేరు చివరి అచ్చు ఎంత సాగునో గమనించినవారికి, పద్యాంతరాగము ఎచ్చటినుండి వచ్చినదో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ నేలయే ఆ సంప్రదాయమును మలుపుత్రిప్పిన గొంతునుకూడ కన్నది. ఘంటసాల వేంకటేశ్వరరావు 1922 డిసెంబరు 4న గుడివాడకు చేరువనున్న చౌటపల్లిలో జన్మించెను; బాల్యమున తండ్రి సూరయ్యవెంట భజనగోష్ఠులలో తరంగములకు ఆడెను; విజయనగరమున పట్రాయని సీతారామశాస్త్రిగారివద్ద శాస్త్రీయముగ అభ్యసించెను; 1974 ఫిబ్రవరి 11న మదరాసున కీర్తిశేషుడయ్యెను. నందమూరి తారకరామారావు 1923లో నిమ్మకూరునను, అక్కినేని నాగేశ్వరరావు 1924లో గుడివాడ ప్రాంతపు రామాపురమునను పుట్టిరి. నాగేశ్వరరావు రంగస్థలముపై స్త్రీపాత్రలు ధరించి, తొలిచిత్రములలో తన పాటలు తానే పాడుకొనినవాడు. రెండేండ్లకు లోపుగనే, పరస్పరము దూరముగాని పల్లెలలో జన్మించిన ఈ మువ్వురిలో ఇద్దరి ముఖములకు నేపథ్యగాయకుడైన ఘంటసాల గొంతు వెండితెరపై దశాబ్దములపాటు అమరినది. ఒకే స్వరతంత్రులు, ఒకే ఊపిరి. అయినను రామారావునకు పాడినది గంభీరముగను, నాగేశ్వరరావునకు పాడినది మృదువుగను, ఎవరికి వారే పాడుకొనుచున్నట్లుగను వినవచ్చునని తెలుగువారందరును ఎఱుగుదురు.

ఫాంట్ సిద్ధాంతమునకు ఇంతకంటె చక్కని ఉదాహరణము నాకు గోచరింపలేదు. స్వరపేటికను ఇంచుక దింపినను, పెదవులను ముందునకు చాచినను కంఠగుహ పొడవై, అనునాదములన్నియు క్రిందికి దిగి, గొంతు పెద్దశరీరమునుండి వచ్చినట్లు వినవచ్చును. ఐరోపాలోని మగ ఎఱ్ఱదుప్పి ప్రత్యర్థిని బెదరించునపుడు తన స్వరపేటికను ఛాతివరకు లాగుకొని ఉన్నదానికంటె పెద్దమృగముగ వినిపించునని ఫిచ్, రెబీ యను శాస్త్రజ్ఞులు 2001లో ప్రకటించిరి. తంత్రులను గట్టిగ కలిపిన పలుకు బిగువగును. ఇంచుక వదలిన ఊపిరి తొణకి కోమలమగును. మనుష్యుని స్వరతంత్రులపై, కోతులకుండు పలుచని పొరలు లేవనియు, ఆ లోపమువలననే మన గొంతు స్థిరమై ఇట్టి సూక్ష్మమైన అదుపునకు లొంగుచున్నదనియు 2022లో నిషిమురా బృందము తెలిపినది. ఘంటసాల కేవలము చెవితో, అభ్యాసముతో ఈ సవరణములన్నియు సాధించెనని నేను ఊహించుచున్నాను.

కాని ఈ సూక్ష్మములు బయలునందు చేనుగట్టుదాక పోవు. మృదుత్వము, ఊపిరితొణుకు, మంద్రస్థాయిలోని నిండుదనము పదిబారల దూరమునకే కరగును. వానిని పట్టి వేలమంది చెవివద్దకు చేర్చినది మైక్రోఫోను. అందుచేతనే ఘంటసాల సినిమా పద్యమున రాగమును కుదించి, ఆలాపనను భావమునకు లోబరచి, ప్రతిపదమును ఒద్దికగ పలికెను. రాత్రిగాలిని గెలువవలసిన అవసరము తీరగనే గొంతు ముఖమువద్దకు, అర్థమువద్దకు తిరిగి వచ్చినది. కరుణశ్రీ యను కవి రచించిన పుష్పవిలాప పద్యములను ఘంటసాల పాడిన తీరు దీనికి సాక్ష్యము. ఆ పద్యములను అంతటి మెల్లనిగొంతుతో ఆనాటి పందిళ్లలో వినిపింపబూనినచో రెండవ వరుసనుండియే కేకలు లేచియుండును.

అయినను ఈనాటి పద్యనాటకమున, నటుని యెదుట మైకు వ్రేలాడుచుండగనే, రాగము ఏమాత్రమును తగ్గలేదు. ప్రేక్షకులు వన్స్‌మోరని కేకలువేయుట మానలేదు. కారణము తీరిన తరువాతకూడ కంఠపు అలవాటు మిగిలియున్నది. ఇది కేవలము ఆచారమా, లేక రాత్రిగాలిలో దీర్ఘస్వరము వినుటయందు శ్రోతకుగల ఆనందమే వేరుగ నిలిచినదా యనునది కొలతలతో తేల్చదగిన విషయము. ఒకే నటుని ఒకే పద్యమును మైకుతోను మైకు లేకయు, పగలును రాత్రియు పాడించి, పందిరిలోను చేనుగట్టునను ఏకకాలమున ముద్రించి, 3000 స్పందనల ప్రాంతమున బలమెంత నిలుచుచున్నదో పోల్చిచూడవలెను. పూర్వపు పద్ధతిలో గొంతెత్తగల వృద్ధనటులు ఇంకను మనమధ్యనున్నారు. ఆ ముద్రణము వారితోనే, ఈ కార్తికమునందే ఆరంభింపదగును.