బోర్డు కథాకమామీషు

"చీటీల కంపెనీ వాళ్ళు బోర్డు తిప్పేశారట" అని మావారు చెప్పగానే మా అత్తగారు "ఎటు తిప్పారు? మళ్ళీ ఇటు తిప్పమని చెప్పొచ్చుగా!" అన్నారు. ఇరవై నెలలు కట్టిన డబ్బు పోయిందని ఏడవాలో, ఆవిడ మాటకి నవ్వాలో తెలియలేదు నాకు.

ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు! లేచి ఇంగ్లీషు నిఘంటువు తిరగేశాను.

బోర్డంటే ఆదిలో ఉత్త చెక్కపలక. అంతే. పూర్వం ఇంగ్లండులో భోజనాల బల్లంటే అడుగున ఆధారాలు పెట్టి పరిచిన పలకలే. తినడం కాగానే ఎత్తేసేవారు. అలా బల్లకీ బోర్డనే పేరొచ్చింది, ఆ తర్వాత బల్లమీద వడ్డించే తిండికీ వచ్చింది. హాస్టలు పిల్లలకి మనం కట్టే బోర్డింగు ఫీజు ఆ తిండిదే. కప్‌బోర్డు కూడా మొదట కప్పులు పెట్టుకునే బల్లే సుమండీ. తలుపులూ తాళమూ తర్వాత వచ్చాయి.

ఓడ పక్కభాగాన్నీ బోర్డనేవారు. ఓడని నడిపే తెడ్డు కుడివైపు ఉండేది కనుక ఆ పక్క స్టార్‌బోర్డు. అందులో ఆకాశంలో చుక్కేమీ లేదు, ఉన్నది స్టీరింగే! అమెరికా వెళ్ళే పిల్లాడి చేతిలో బోర్డింగ్ పాస్ కూడా ఓడలవాళ్ళ మాటే, తిండితో సంబంధం లేదు.

ఇక బల్లచుట్టూ కూర్చుని తీర్మానాలు చేసే పెద్దలు. వాళ్ళూ బోర్డే. ఈ అర్థమే మన మెడకి చుట్టుకుంది. ఈస్టిండియా కంపెనీ మీద అదుపు కోసం 1784లో లండన్‌లో బోర్డ్ ఆఫ్ కంట్రోల్ వచ్చింది. 1786లో మద్రాసులో రెవెన్యూ బోర్డు. తర్వాత కోస్తా, రాయలసీమ రైతుల శిస్తు సంగతులు ఎక్కడో మద్రాసులో ఆ బల్ల దగ్గరే తేలేవి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కూడా మనకో రెవెన్యూ బోర్డు ఉండేది. దాన్ని 1977 చట్టంతో తీసేశారు. మా అత్తగారు చదివింది జిల్లా బోర్డు హైస్కూల్లో. ఆవిడకి తెలిసిన బోర్డల్లా అదీ, నల్లబోర్డూనూ.

ఒక్కటి మాత్రం నాకు మింగుడుపడలేదు. బోర్డంటే భోజనం అన్నంత వరకూ బల్ల దగ్గర మనమే, వడ్డిస్తూ. డైరెక్టర్లు అనే అర్థం వచ్చేసరికి మాయమైపోయాం! షేర్‌మార్కెట్లో ఉన్న కంపెనీలూ, మరికొన్ని పెద్ద పబ్లిక్ కంపెనీలూ బోర్డులో కనీసం ఒక్క ఆడమనిషినైనా ఉంచాలని చెప్పడానికి 2013 కంపెనీల చట్టం రావలసివచ్చింది. ఒక్కరండీ, ఒక్కరు!

అన్నట్టు, వ్యవహారం దాపరికం లేకుండా ఉంటే ఇంగ్లీషువాళ్ళు అబవ్ బోర్డ్ అంటారు. అది పేకాట బల్ల దగ్గర పుట్టిన మాట. చేతులు బల్లమీదే కనిపిస్తూంటే ముక్కలు మార్చే వీలుండదు కదా.

మర్నాడు రసీదులన్నీ సంచీలో వేసుకుని, అత్తగారిని వెంటబెట్టుకుని చీటీల ఆఫీసుకి వెళ్ళాను. షట్టరు దించి ఉంది. మాలాంటివాళ్ళే పాతికమంది వీధిలో నిలబడి ఉన్నారు. అత్తగారు కళ్ళజోడు సవరించుకుని పైకి చూశారు.

"అమ్మాయ్, బోర్డు తిన్నగానే ఉందే!" అన్నారు.

అక్కణ్ణించి పోలీస్ స్టేషనుకి రిక్షా మాట్లాడాను.