జింకలను అనే ముందు మన కొట్టం చూసుకుందాం

రైతన్నలారా, మదీనాగూడకు దగ్గర్లోనే సెంట్రల్ యూనివర్సిటీ అడవి ఉంది, అందులో చుక్కల జింకలు తిరుగుతాయి. అడవి జంతువుల వల్లే పశువులకు రోగాలని మనలో కొందరంటరు. జోన్స్ వ్యాధి చరిత్ర చూస్తే మాత్రం కథ వేరే ఉంది.

1895లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో యోనే, ఫ్రాతింగ్‌హామ్ అనే ఇద్దరు ఒక ఆవు పేగులు పరీక్షించారు. పేగు గోడ మందంగా అయింది, అందులో క్షయ క్రిముల్లాంటివి కనిపించాయి. పక్షుల క్షయ అనుకున్నారు. 1906లో డెన్మార్క్ శాస్త్రవేత్త బాంగ్ ఇది వేరే రోగమని తేల్చాడు. యోనే పేరే మన నోట జోన్స్ అయింది.

1978లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, అంతకుముందు పాడి ఆవులు మేసిన పాయింట్ రేస్ భూముల్లో 10 టూలే ఎల్క్‌లను, అంటే పెద్ద జాతి దుప్పులను వదిలారు. కొన్నేళ్లకే వాటిలో ఈ రోగం బయటపడింది. చుట్టుపక్కల పాడి మందల్లో అది ముందే ఉంది. అడవి జంతువుకు అంటించింది కొట్టంలోని పశువే అన్నమాట.

రోగం ఎక్కువగా దూడప్పుడే పెండ అంటిన పొదుగు, పాలు, నీళ్ల ద్వారా సోకుతది. బయటపడేది రెండు మూడేళ్లు దాటాకే. మేత మంచిగనే తింటది, అయినా పారుడు ఆగదు, చిక్కిపోతది, దవడ కింద నీరు దిగుతది. నయం చేసే మందు లేదు.

అందుకే దూడలను పెద్ద పశువుల పెండకు దూరంగా ఉంచండి. పారే పశువు పెండ కుంటలో కలవనియ్యకండి, డాక్టర్‌తో పరీక్ష చేయించండి. అనుమానమున్న పశువును చెప్పకుండా అంగడిలో అమ్మితే, రోగాన్ని ఇంకో రైతు కొట్టానికి తోలినట్టే.