వనపర్తి మజిలీ, షికాగో మజిలీ

దూరాన్ని చెప్పడానికి మన పెద్దలకు రెండు రకాల మాటలుండేవి. కోసు, ఆమడ, యోజనం నేలను కొలిచేవి. మజిలీ మనిషి ఓపికను కొలిచేది. అరబ్బీ 'మంజిల్' మన నోట మజిలీ అయింది. ఒకనాటి ప్రయాణం ముగించి ఎక్కడ విడిది చేస్తామో అదే మజిలీ. 'రెండు మజిలీల దూరం' అంటే అందులో ఎండా, వాగూ, ఎద్దుల అలసటా అన్నీ కలిసే ఉండేవి.

ఏనుగుల వీరాస్వామయ్యగారి 'కాశీయాత్ర చరిత్ర' చదివినవారికి ఈ లెక్క సుపరిచితమే. 1830 మే 18న చెన్నపట్నంలో పల్లకీ బోయీలతో బయలుదేరిన ఆయన, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. శ్రీశైలం సేవించి, కృష్ణ దాటి, మా వనపర్తి, జడచర్లల మీదుగా హైదరాబాదు వెళ్లారు. ఏ ఊళ్లో నీటి వసతి ఉందో, ఎక్కడ సామాను దొరుకుతుందో రాసిపెట్టారు. తన వెనుక వచ్చే బాటసారి కోసమే కదా ఆ శ్రమ!

నేటి కర్నూలు - హైదరాబాదు రహదారి కూడా జడచర్ల మీదుగానే షంషాబాదుకు చేరుతుంది. 2008 మార్చి 23న విమానాశ్రయం బేగంపేట నుంచి అక్కడికి మారింది. నగరానికి దక్షిణాన ఉన్నది కనుక గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వాసులకు నగరం దాటే బాధ తప్పింది. 2021 జనవరి 15న అక్కడి నుంచి షికాగోకు ఎయిర్ ఇండియా వారి విమానం నేరుగా ఎగిరింది. భూగోళం మీద దారం లాగి చూస్తే ఆ దూరం సుమారు 13,280 కిలోమీటర్లు. ఆ దారం పడమటికి పోదు, ఉత్తర ధ్రువానికి చేరువగా పోతుంది. ప్రయాణం 16 గంటల పైమాటే. పైగాలులు పడమటి నుంచి తూర్పుకు వీస్తాయి కనుక, విమానం ఏ దారి పట్టిందన్నదాన్ని బట్టి పోయే కాలమూ వచ్చే కాలమూ ఒక్కటిగా ఉండవు.

ఆ నేరు విమానం ఎంతోకాలం నిలువలేదు. ఇప్పుడు ఢిల్లీలోనో, దుబాయిలోనో, దోహాలోనో దిగి మరో విమానం ఎక్కాలి. ప్రయాణం 20 గంటలు దాటుతుంది. మజిలీ మళ్లీ వచ్చిందన్నమాట! వీరాస్వామయ్యగారు చెట్టు నీడన దిగితే, మనవాళ్లు అద్దాల మేడలో దిగుతున్నారు.

అయితే మా ప్రాంతంలో దూరానికి అసలు కొలత వేరే ఉంది. అది కడచూపు. పాలమూరు కూలీలు దేశంలో ఎక్కడెక్కడో ఆనకట్టలు కట్టారు. ఊళ్లో తల్లి పోయిన కబురు వారికి చేరేసరికే కర్మకాండలు ముగిసిపోయేవి. నా వద్ద చదివిన పిల్లల్లో అలాంటి కూలీల బిడ్డలున్నారు, అమెరికాలో ఉద్యోగాలు చేసేవారూ ఉన్నారు. కబురు ఇప్పుడు క్షణంలో చేరుతుంది. కాని సెలవు దొరకాలి, టిక్కెట్టు దొరకాలి, తిరిగి పోవడానికి వీసా సరిగా ఉండాలి. ఆపైన షంషాబాదులో దిగి గద్వాలకు మూడు గంటల దారి. మన ఇళ్లలో శవాన్ని అంతసేపు ఉంచే ఆచారమా? ఆనాటి కూలీకి కబురే ఆలస్యం, నేటి ఇంజనీరుకు రాకడ ఆలస్యం. కొరివి పెట్టే చేయి మాత్రం రెండు చోట్లా పొరుగువాడిదే అవుతోంది.

విమానం దూరాన్ని తగ్గించలేదని అనను. 15 నెలల యాత్రతో పోలిస్తే 20 గంటలు ఏపాటి? కాని గంటలు తగ్గినకొద్దీ 'అందుకోగలమేమో' అన్న ఆశ పెరిగింది. అందుకోలేకపోయిన బాధ కూడా దానితోపాటే పెరిగింది.

మిత్రులారా, మీ ప్రాంతాల్లో దూరం చెప్పడానికి పెద్దలు ఏ మాటలు వాడేవారో తెలియజేస్తే సంతోషిస్తాను.